'తింగ్' అక్షరం ఎలా నేర్పాను: మూడు కాళ్ల కంచు పాత్ర మీద ఒక కేస్ స్టడీ

చైనా లిపిలో పాత్రల పేర్లకు కొదవ లేదు. కూజాకు ఒక అక్షరం, గిన్నెకు ఒకటి, మద్యం వేడిచేసే కంచు చెంబుకు ఇంకొకటి. వాటన్నిటిలో చేతినీ బుర్రనూ ఎక్కువగా పరీక్షించేది 'తింగ్' (鼎). మూడు కాళ్లు, రెండు చెవులు, లోతైన పొట్ట ఉన్న కంచు పాత్ర అది. అందులో మాంసం ఉడికించేవారు, పూర్వీకులకు నైవేద్యం పెట్టేవారు, పక్కన రాజముద్ర లేకపోయినా అది ఎవరి ఇంట్లో ఉందో చూసి వాళ్ల హోదా చెప్పేవారు. చైనీస్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పిన్యిన్ పద్ధతిలో ఈ మాట 'డి' అక్షరంతో మొదలవుతుంది కాబట్టి మనవాళ్లు చాలామంది 'డింగ్' అని చదువుతారు. పలుకు మాత్రం మన 'త'కే దగ్గర. ఊపిరి బయటికి తన్నకూడదు, స్వరం కిందికి దిగి మళ్లీ లేవాలి. అందుకని ఇక్కడంతా 'తింగ్' అనే రాస్తున్నాను.

నేను హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో చైనీస్ నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం కోసమో పై చదువు కోసమో తైవాన్, చైనా వెళ్లినవాళ్లు. ఈ కేసులో విద్యార్థిని తైవాన్‌లోని షిన్‌చూలో చిప్‌ల కంపెనీలో ఇంజినీర్. మాట్లాడటం బాగానే వచ్చు. మీటింగ్‌లో మాట తడుముకోదు, మార్కెట్‌లో బేరం ఆడుతుంది. చేత్తో రాయాల్సి వస్తే మాత్రం టెన్షన్. ఫోన్‌లో పిన్యిన్ కొడితే అక్షరం దానంతటదే వస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది చాలా కాలం బయటపడలేదు.

బయటపడింది ఒక కార్డు వల్ల. వాళ్ల టీమ్‌లో ఒక సీనియర్ వేరే ఊరికి బదిలీ అవుతున్నారు. అందరూ తలా రెండు మాటలు చేత్తో రాసి ఇవ్వాలి. ఆమె 'తింగ్‌లీ' అనే మాట ఎంచుకుంది. తింగ్ అంత బలం అని దాని అర్థం. 'మీరు చేసిన గొప్ప సాయానికి కృతజ్ఞతలు' అనే సందర్భంలో వాడే మర్యాద మాట. చిత్తుప్రతి ఫొటో తీసి నాకు పంపింది. అందులో రెండు తప్పులున్నాయి. అక్షరం ఆకారం చెడింది. వాక్యం కూడా తలకిందులైంది: 'ఇకముందు మీకెప్పుడు అవసరమైనా నేను తింగ్‌లీతో సాయం చేస్తాను' అని రాసింది.

వాక్యం సంగతి తర్వాత చెబుతాను. ముందు అక్షరం.

ఫొటోలో కనిపించినది

తెలియనివాళ్లకు ఈ అక్షరం మూడు ముక్కలుగా కనబడుతుంది. పైన మధ్యలో, నిలువుగా పెట్టిన పెట్టెలో రెండు అడ్డగీతలు. అచ్చం 'కన్ను' అనే అక్షరమే. కింద ఎడమన ఒక ముక్క, కుడిన ఒక ముక్క. ఈ రెండూ చెక్కను నిలువునా చీలిస్తే వచ్చే సగాల పేర్లకు వాడే అక్షరాల్లా ఉంటాయి. ఆమె వాడే యాప్ కూడా అలాగే విడదీసి, 'కాలుతున్న కట్టెలను చూస్తున్న కన్ను' అని ఒక కథ చెప్పి గుర్తుపెట్టుకోమంది.

కథ గుర్తుంది. అక్షరం మాత్రం కుదరలేదు. ఆమె కన్నును గడి వెడల్పంతా పరిచి రాసింది. దాని కింద రెండు కట్టెముక్కలను వేరుగా నిలబెట్టింది. దాంతో ఒక గడిలో ఇమడాల్సిన అక్షరం గడిన్నర పొడవైంది. కుడి ముక్కలో ఒక గీతను కింది నుంచి పైకి లాగినట్టు సిరా చెబుతోంది, మొదలు సన్నగా, చివర లావుగా ఉంది. మలుపులన్నీ గుండ్రంగా జారిపోయాయి.

ఈ చివరి లక్షణం తెలుగువాళ్ల చేతిలో తరచూ చూస్తాను. చిన్నప్పటి నుంచి మనం రాసింది గుండ్రాలు. మూల రాగానే చెయ్యి ఆగదు, వంచి ముందుకు పోతుంది. చైనీస్ మూలలో చెయ్యి ఒక క్షణం ఆగాలి, దిశ మార్చాలి, మళ్లీ కదలాలి. తింగ్‌లో అలాంటి మూలలు ఎక్కువ కాబట్టి ఈ అలవాటు ఇక్కడ దాగదు.

అయితే అసలు జబ్బు గుండ్రాలు కాదు. ముక్కలుగా చూడటమే. కన్ను, కట్టె, కట్టె అనుకున్నవాళ్లు వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. సరైన అక్షరంలో కింది ముక్కలు కన్ను కింద మొదలుకావు. కన్ను పక్కనే, దాదాపు సగం ఎత్తు నుంచి మొదలై, దాన్ని రెండు వైపులా ఒడిసిపట్టుకుని కిందికి దిగుతాయి. అది పేర్పు కాదు, ఒకే వస్తువు.

కట్టెల కథ యాప్ పుట్టించింది కాదని ఇక్కడ చెప్పాలి. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు చైనా లిపి మీద మొట్టమొదటి పెద్ద నిఘంటువు కూర్చాడు. తింగ్ కింద ఆయన రాసినది సారాంశంగా ఇది: మూడు కాళ్లు, రెండు చెవులు గల, ఐదు రుచులను కలిపే విలువైన పాత్ర, అక్షరం వంట కోసం కట్టె చీల్చడాన్ని చూపుతుంది. ఈ కట్టె ఆయనకు 'మార్పుల గ్రంథం' అనే ప్రాచీన జోస్య గ్రంథం నుంచి వచ్చింది. ఆ గ్రంథంలో ఆరేసి గీతలతో గీసిన 64 చిత్రాల్లో 50వదాని పేరు తింగ్. అందులో కింద చెక్కకు గుర్తు, పైన నిప్పుకు గుర్తు. నిప్పు కింద కట్టె, దాని మీద వంట. ఆయన కాలానికి అక్షరం అప్పటికే బాగా మారిపోయింది. దానికంటే వెయ్యేళ్లు పాతదైన రూపం భూమిలో ఉంది. తాబేలు చిప్పల మీద, పశువుల ఎముకల మీద చెక్కిన ఆ రాతలను 1899లో వాంగ్ యిరోంగ్ అనే అధికారి గుర్తించేదాకా పండితుల కంట పడలేదు.

పాత్రను ముందు చూపించాను

నా పద్ధతి ఇందులో సూటిగానే ఉంటుంది: పాత్రకు బొమ్మగా పుట్టిన అక్షరాన్ని పాత్ర దగ్గరే మొదలుపెట్టాలి. కాగితం, కలం పక్కన పెట్టించి, షాంఘై మ్యూజియంలో ఉన్న 'తా ఖ తింగ్' ఫొటో తెరమీద పెట్టాను. పశ్చిమ జౌ రాజవంశపు కాలంనాటిది, ఎత్తు 93.1 సెంటీమీటర్లు, బరువు 201.5 కిలోలు. పైన అంచు మీద నిటారుగా రెండు చెవులు. కింద బరువుకు సాగినట్టున్న పొట్ట. దాని కింద మూడు కాళ్లు.

"మేడమ్, దీన్ని ఎలా ఎత్తేవాళ్లు?" అని అడిగింది.

సరైన ప్రశ్న. చెవుల్లోంచి ఒక కడ్డీ దూర్చి ఇద్దరు భుజాన వేసుకునేవారు. 'మార్పుల గ్రంథం'లో ఆ 50వ చిత్రపు ఆరు గీతలకు ఆరు వాక్యాలున్నాయి. అవి పాత్రను కింది నుంచి పైకి చదువుతాయి. మొదటి గీతకు తలకిందులైన పాదాలు. రెండోదానికి లోపల ఉన్న పదార్థం. మూడోదానికి చెవి. నాలుగోదానికి కాలు విరిగి దొరగారి భోజనం ఒలికిపోవడం. ఐదో గీతకు పసుపుపచ్చ చెవులు, లోహపు కడ్డీ. ఆరోదానికి పచ్చరాయి కడ్డీ. పాదం నుంచి కడ్డీ దాకా పాత్ర మొత్తం చేతికి తగులుతుంది. ఈ వాక్యాలను నేను ప్రతిసారీ చదివి వినిపిస్తాను. పాత్ర భాగాలను ఇంత తేలిగ్గా గుర్తుంచుకునే దారి నాకు ఇంకొకటి దొరకలేదు.

కాళ్లెందుకు అన్నది కూడా మాట్లాడుకున్నాం. మన పల్లెల్లో మూడు రాళ్లు పెట్టి కుండ ఎక్కించి వాటి మధ్య మంట పెట్టడం ఆమె అమ్మమ్మగారింట్లో చూసిందే. తింగ్ ఆ మూడు రాళ్లను తన ఒంటికే అతికించుకుంది. పొయ్యి అక్కర్లేదు, నేరుగా కింద నిప్పు పెడితే చాలు. కంచు రాకముందే, కొత్త రాతియుగంలోనే, ఇదే ఆకారాన్ని మట్టితో చేసేవారు.

అన్నిటికంటే పెద్దదైన తింగ్‌ను నేను కావాలనే రెండోసారికి దాచాను. హెనాన్‌లోని ఆన్‌యాంగ్ దగ్గర వూగ్వాన్ గ్రామంలో 1939లో దొరికిన 'హౌ ము వు తింగ్' అది. ఎత్తు 133 సెంటీమీటర్లు, బరువు 832.84 కిలోలు. జపాన్ సైన్యం కంటపడకుండా ఊరివాళ్లు దాన్ని మళ్లీ పాతిపెట్టారు, 1946లో తిరిగి తవ్వి తీశారు. ఇప్పుడు బీజింగ్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. మొదటే చూపకపోవడానికి కారణం, అది నలుచదరం, దానికి నాలుగు కాళ్లు. 'మూడు కాళ్ల పాత్ర' అన్న మాట మనసులో కుదురుకోకముందే నాలుగు కాళ్లు చూపిస్తే నేర్చుకునేవాళ్లు తికమకపడతారు.

దాని పేరు గురించి ఒక ముచ్చట మాత్రం రాత నేర్పేవాళ్లకు పనికొస్తుంది. పాత్ర లోపల మూడు అక్షరాలు పోతపోసి ఉన్నాయి. మొదటిదాన్ని చాలాకాలం 'సి' అని చదివి 'సి ము వు' అన్నారు. ఆ కాలపు రాతలో అక్షరాన్ని అద్దంలో చూసినట్టు ఎడమ కుడులు మార్చి రాసినా తప్పు కాదు. అలా చూస్తే అది రాణి అనే అర్థమున్న 'హౌ' అవుతుంది. 2011లో జాతీయ మ్యూజియం ఆ పేరే పెట్టింది. పాత పేరును సమర్థించే పండితులు ఇప్పటికీ ఉన్నారు.

తర్వాత ఎముకల మీది రూపం చూపించి, అక్షరంలా కాకుండా బొమ్మలా గీయమన్నాను. పైన రెండు చెవులు, మధ్యలో పొట్ట, కింద కాళ్లు. కాళ్ల పక్కన ముళ్లలా పొడుచుకొచ్చిన చిన్న గీతలు కాళ్ల మీది అలంకారం. కాలం గడిచేకొద్దీ పొట్ట నిలువు పెట్టెగా బిగిసి కన్ను అయింది. కాళ్లూ వాటి ముళ్లూ కలిసి రెండు 'కట్టెముక్కలు' అయ్యాయి. కన్నుకు చూపుతో, కట్టెకు చెట్టుతో ఏ సంబంధమూ లేదు. గీయడం పూర్తయ్యాక ఆమే అంది: "అయితే ఇవి కాళ్లు కదా మేడమ్, పొట్ట పక్క నుంచే దిగాలి." నేను చెప్పాలనుకున్నది ఆమె నోట్లోంచే వచ్చింది.

గడిలో రాయడం

ఇక కాగితం తీశాం. నాలుగు భాగాలుగా చుక్కలగీతలున్న చదరపు గళ్ల పుస్తకం. పొట్ట ముందు. నిలువు మధ్యగీత మీద, గడి పై సగంలోనే, సన్నగా. వెడల్పు గడిలో మూడో వంతు మించకూడదు. ఇక్కడ పొదుపు చెయ్యకపోతే కాళ్లకు చోటుండదు.

తర్వాత ఎడమ వైపు. పొట్ట పక్కన గీత మొదలై కిందికి దిగుతుంది, పొట్ట కిందికి లోపలికి మళ్లుతుంది, మళ్లీ కిందికి దిగుతుంది. రెండు మలుపులు. చైనా ప్రధాన భూభాగపు ప్రమాణంలో కలం ఎత్తకుండా ఇదంతా ఒకే గీత. తైవాన్ లెక్కలో రెండు. అందుకే ఈ అక్షరానికి ప్రధాన భూభాగంలో 12 గీతలు, తైవాన్‌లో 13. 1716 నాటి ఖాంగ్‌షీ నిఘంటువులోనూ 13 గీతలే. అక్కడ ఉన్న 214 మూలాక్షరాల్లో 206వది తింగ్. ఆమె దగ్గర ప్రధాన భూభాగంలో అచ్చయిన పుస్తకం ఒకటి, తైవాన్ పుస్తకం ఒకటి ఉన్నాయి. రెండిట్లో లెక్క కుదరక ఏది తప్పో తెలియక సతమతమైంది. రెండూ ఒప్పే. మీరు రాసే చోట ఏది నడుస్తుందో అది పట్టుకోండి, ఒకే కాగితం మీద రెండూ కలపకండి అని చెప్పాను. తైవాన్‌లో ఉంటూ అక్కడి పరీక్ష రాయాలనుకుంటోంది కాబట్టి 13 ఖాయం చేశాం.

కుడి వైపు ఎందుకు కష్టమంటే, కంటికి అది ఎడమ వైపుకు అద్దంలో నీడ, చేతికి కాదు. చైనీస్‌లో అడ్డగీత ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే, నిలువు గీత పై నుంచి కిందికే. ఎడమన ఉన్న మలుపును అద్దంలో తిప్పితే అడ్డగీత కుడి నుంచి ఎడమకు పోవాల్సి వస్తుంది. అది కుదరదు. అందుకే కుడి వైపును ముక్కలు ముక్కలుగా నాలుగు గీతల్లో కడతారు. ఆమె ఫొటోలో కింది నుంచి పైకి లాగిన గీత పుట్టింది ఇక్కడే. ఎడమ వైపు రాసినదాన్నే కుడి వైపున అద్దంలోలా తిప్పి రాయబోయింది అన్నమాట. ఈ నియమం చెప్పాక ఇక ఆ గీత మళ్లీ కనిపించలేదు.

గీతల క్రమం బట్టీ పట్టించలేదు. పొట్ట, ఎడమ కాలు, కుడి కాలు అన్న వరుస చాలు. ప్రతి మలుపు దగ్గర 'ఆగు' అని పైకి అనమన్నాను. చిన్నపిల్లల పద్ధతిలా ఉన్నా పెద్దవాళ్ల చేతి గుండ్రాలను విరగ్గొట్టడానికి ఇదే పనిచేస్తుంది. చివరగా ఒక పరీక్ష: రాసినదాన్ని దూరం నుంచి చూస్తే నిలబడగలదా? కాళ్లు రెండూ ఒకే నేల మీద ఆనాలి. ఒకటి తేలితే పాత్ర ఒరిగినట్టే.

గవ్వ వేషంలో ఉన్న పాత్రలు

ఈ పాఠంలో ఆమెకు బాగా ఉత్సాహం వచ్చిన చోటు ఇది. నాకూ ఇష్టమైన చోటే.

ఎముకల మీద రాసిన కాలంలో తింగ్ బొమ్మను ఇంకో మాటకు కూడా అరువు తీసుకునేవారు. దైవాన్ని ప్రశ్న అడగడం అనే మాట దాదాపు అదే ధ్వనితో ఉండేది. పదే పదే చెక్కాల్సిన మాట కాబట్టి బొమ్మను బాగా కుదించారు. తర్వాత గందరగోళం లేకుండా పైన జోస్యపు గుర్తు చేర్చారు. ఇంకా తర్వాత కింది తింగ్ అరిగి అరిగి గవ్వ అక్షరంలా మారింది. నేడు 'చెన్' అని పలికే ఆ అక్షరానికి నిష్ఠ, దృఢత్వం అని అర్థాలు. చూసేవాళ్లు గవ్వనే చూస్తారు, ఉన్నది పాత్ర. పాత రాతలో తింగ్‌నే ఈ మాటకు వాడేవారని షూ షెన్ కూడా నమోదు చేశాడు.

'యువన్' ఇంకా సొగసైనది. తింగ్ బొమ్మ మీద, దాని నోటికి సరిగ్గా పైన, ఒక సున్న. పాత్ర మూతి గుండ్రంగా ఉంటుంది కాబట్టి గుండ్రం అని అర్థం. సున్న కాస్తా చదరమైంది, తింగ్ గవ్వ అయింది. అక్షరం సభ్యుడు, సిబ్బంది అనే అర్థాలకు వెళ్లిపోయింది. గుండ్రానికి మాట లేకుండా పోవడంతో చుట్టూ ఒక ప్రాకారం గీసి కొత్త అక్షరం చేసుకున్నారు. ఆమె మెడలో వేలాడే ఉద్యోగి కార్డు మీద ఈ 'యువన్' ఉంది. చెప్పగానే కార్డు కెమెరాకు దగ్గరగా పెట్టి వేలితో చూపింది.

'త్స' అంటే నియమం. ఇప్పుడు గవ్వ పక్కన కత్తిలా కనిపిస్తుంది, కంచు పాత్రల మీది రాతలో తింగ్ పక్కన కత్తి. నియమాలను తింగ్ మీద శాశ్వతం చేయడం నిజంగా జరిగిన పని. క్రీ.పూ. 513లో జిన్ రాజ్యం శిక్షాస్మృతిని ఒక తింగ్ మీద పోతపోసింది. సామాన్యులు పాత్ర చూసి చట్టం చదువుకుంటే ఇక పెద్దవాళ్లను గౌరవించేదెవరు అని కన్ఫ్యూషియస్ అభ్యంతరం చెప్పాడు. 'పనిముట్టు' అనే మాటలోని 'చ్యు' అక్షరం కూడా ఈ కుటుంబానిదే. అది మొదట రెండు చేతులతో తింగ్‌ను ఎత్తి పట్టుకున్న బొమ్మ.

ఈ నాలుగూ ఆమెకు అప్పటికే వచ్చిన, రోజూ వాడే అక్షరాలు. తింగ్ అరుదైనది, నేర్చుకుని ఏం లాభం అనేవాళ్లకు నేను ఈ నాలుగింటినే చూపిస్తాను.

అర్థాలు, మర్యాద, ఆ తలకిందులైన వాక్యం

ఇక కార్డు మీది వాక్యం. 'తింగ్‌లీ' తప్పు ఎందుకో తెలియాలంటే పాత్ర బరువు తెలియాలి.

పురాణం ప్రకారం యూ అనే రాజు తొమ్మిది ప్రాంతాల లోహాన్ని తెప్పించి తొమ్మిది తింగ్‌లు పోయించాడు. అవి ష్యా వంశం నుంచి షాంగ్‌కు, షాంగ్ నుంచి జౌకు చేతులు మారాయి. అవి ఎవరి దగ్గరుంటే రాజ్యం వాళ్లది. క్రీ.పూ. 606లో చూ రాజ్యపు రాజు జువాంగ్ జౌ రాజధాని పొలిమేరల్లో సైన్యాన్ని మోహరించి, జౌ రాజు తరఫున తనను పలకరించడానికి వచ్చిన వాంగ్‌సున్ మాన్‌ను 'ఆ తింగ్‌లు ఎంత పెద్దవి, ఎంత బరువు?' అని అడిగాడు. సింహాసనం మీద కన్నేశానని అంతకంటే మర్యాదగా చెప్పలేడు. విషయం ధర్మంలో ఉంది, తింగ్‌లో లేదు, వాటి బరువు అడిగే సమయం ఇంకా రాలేదు అని వాంగ్‌సున్ మాన్ జవాబిచ్చాడు. అప్పటి నుంచి 'తింగ్‌ను అడగడం' అంటే అధికారం మీద ఆశపడటం. ఇవాళ చైనా క్రీడావార్తల్లో అదే మాట టైటిల్ గెలవడానికి వాడతారు, పాత చెడు వాసన పూర్తిగా పోయింది.

క్రీ.పూ. 307లో చిన్ రాజు వూ బలప్రదర్శనలో తింగ్ ఎత్తబోయి, కాలి ఎముక విరిగి చనిపోయాడు. తొమ్మిది తింగ్‌లలో ఒకటి స్సి నదిలో పడిందన్న నమ్మకంతో క్రీ.పూ. 219లో చైనాను ఏకం చేసిన మొదటి చక్రవర్తి వెయ్యి మందిని నీళ్లలోకి దించి వెతికించాడు. దొరకలేదు.

బరువు మాటల్లోకి వచ్చింది ఇలాగే. ఒక దూత తన మాటతో ఝావో రాజ్యానికి తొమ్మిది తింగ్‌లను మించిన బరువు తెచ్చాడని పొగిడారు. దాన్నుంచే 'ఒక్క మాట, తొమ్మిది తింగ్‌లు' అనే నానుడి వచ్చింది. ముగ్గురు సమానంగా నిలబడితే 'మూడు కాళ్ల తింగ్'. వేయ్, షూ, వూ అనే మూడు రాజ్యాల కాలానికి ఇది మారుపేరే. జనం గోల మిన్నంటితే 'తింగ్ ఉడుకుతోంది' అంటారు. కాళ్లు, పొట్ట, బరువు, మరుగు, ప్రతి నానుడీ పాత్రలో ఏదో ఒక భాగాన్ని పట్టుకునే పుట్టింది. అందుకే అర్థాలను జాబితాగా ఇవ్వను. ఏ భాగం నుంచి వచ్చిందో అడుగుతాను, విద్యార్థులే చెబుతారు.

'తింగ్‌లీ' బరువు నుంచి వచ్చింది. 'మీ సాయం తింగ్‌ను ఎత్తేంతటిది' అని ఎదుటివాళ్లను గౌరవించే మాట. 'నేను మీకు తింగ్‌లీతో సాయం చేస్తాను' అంటే నా బలం రాజ్యాలను మోసేదని నేనే చాటుకున్నట్టు. తెలుగులో 'తమరు విచ్చేశారు' అంటాం, 'నేను విచ్చేశాను' అనం కదా, అదే మర్యాద ఇక్కడా. ఈ తప్పు చైనీస్ మాతృభాష అయినవాళ్లూ చేస్తారు, వాళ్ల బడి పరీక్షల్లో దీన్ని ప్రత్యేకంగా అడుగుతారు. ఆమె వాక్యాన్ని తిప్పి రాసింది: ఇన్నాళ్లూ మీరు చేసిన తింగ్‌లీ సాయానికి కృతజ్ఞతలు. తన వైపు సాయానికి 'చేతనైనంత' అనే మామూలు మాట పెట్టుకుంది.

తైవాన్‌లో ఉన్నవాళ్లకు ఇంకో కానుక కూడా ఉంది. అక్కడి హొక్కియెన్ మాటలో ఇదే అక్షరాన్ని 'తియాఁ' అని ముక్కుతో పలుకుతారు. అర్థం బాణలి. కీలుంగ్‌లోని మియావోకౌ నైట్ మార్కెట్‌లో 'తియాఁ-పిన్-సో' అనే వంటకం పేరున్నది. బియ్యప్పిండి జావను వేడి బాణలి అంచు చుట్టూ పోస్తే అది జారుతూ పలుచని పొరగా గట్టిపడుతుంది, దాన్ని గీకి ముక్కలు చేసి రసంలో వేస్తారు. రాజ్యాలకు గుర్తైన పాత్ర పేరే వీధి బాణలికీ ఉంది. మాండరిన్‌లో వంట పాత్రగా తింగ్ ఎప్పుడో పోయింది, వేరే మాట వచ్చింది. హొక్కియెన్ లాంటి మిన్ భాషల్లో మాత్రం అది ఇంకా పొయ్యి దిగలేదు. తైవాన్‌లో పుట్టిన డిన్ తై ఫంగ్ రెస్టారెంట్ పేరులో మొదటి అక్షరం కూడా ఇదే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు కూడా ఆ బోర్డు పరిచయమే.

ఇప్పుడు ఎలా ఉంది

కార్డు వెళ్లిపోయింది. అక్షరం గడిలో ఇమిడింది, కాళ్లు నేల మీద ఉన్నాయి. కుడి కాలి మలుపు దగ్గర ఆమె చెయ్యి ఇంకా కొంచెం వంగుతోంది. తొందరలో రాస్తే పొట్ట మళ్లీ వెడల్పవుతోంది. ఇది సాధనతో తగ్గేదే. గవ్వ వేషంలో ఉన్న నాలుగు అక్షరాలను మాత్రం ఇప్పుడు చూడకుండా రాస్తోంది.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నది వరుస. మునుపు తింగ్‌ను కష్టమైన అక్షరాల దొంతరలో చివర పెట్టేదాన్ని. ఇప్పుడు 'యువన్', 'త్స', 'చ్యు' నేర్పే వారంలోనే పాత్ర ఫొటో చూపిస్తున్నాను, రాత తర్వాత వచ్చినా సరే. యాప్‌లు చెప్పే కన్ను-కట్టె కథను గుర్తుపట్టడానికి వాడుకోవచ్చు. రాయబోయే ముందు మాత్రం దాన్ని పక్కన పెట్టమంటున్నాను.

పాత గ్రంథాల్లో తింగ్‌ను 'సరిగ్గా ఇప్పుడే' అనే అర్థంలో క్రియావిశేషణంగా వాడే ప్రయోగం ఒకటి మిగిలింది. అది ఏ భాగం నుంచి వచ్చిందని ఆమె అడిగింది. పాత్రలో ఏ భాగానికీ అతకదు, ధ్వనికి అరువు తెచ్చుకున్న వాడుకగా పెట్టుకోమన్నాను. వచ్చే నెల నుంచి ప్రాచీన చైనీస్ వాక్యాలు మొదలుపెడుతున్నాం, అక్కడ ఉదాహరణలతో చూస్తాం.